ఈస్టు చేసే సబ్బు: ఏది తేలింది, ఏది తేలలేదు

హైదరాబాద్‌లోని కాప్రా చెరువును ఊర చెరువు అని కూడా అంటారు. నూరెకరాలు దాటిన చెరువు. 2007లో కాప్రా పురపాలక సంఘం జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి సైనిక్‌పురి, యాప్రాల్ దాకా ఇప్పుడు ఖాళీ జాగా వెతుక్కోవాలి. ఇళ్లు పెరిగాయి, మురుగు పెరిగింది, చెరువులో గుర్రపుడెక్క పెరిగింది. వాషింగ్ మెషీన్లోంచి, అంట్లు తోమే సింకులోంచి దిగే ప్రతి బకెట్ నీళ్లలో కాస్తో కూస్తో డిటర్జెంటు ఉంటుంది. నగరానికి ఆ కొసన, కూకట్‌పల్లి ధరణినగర్‌లో, గట్టి వాన పడితే పరికి చెరువు నాలాలోంచి తెల్లటి నురగ వీధుల్లోకి పొంగుకొస్తుంది. అందులో ఫ్యాక్టరీల వాటా ఎంత, ఇళ్ల వాటా ఎంత అన్నది వేరే తగువు.

ఇలాంటి చోట 'ఈస్టు తయారుచేసే సహజ సర్ఫాక్టెంట్' అన్న మాట వినబడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. పెట్రోలియం అక్కర్లేదు, నీళ్లలో పడితే త్వరగా కుళ్లి కలిసిపోతుంది, చేసేది ఒక ఈస్టు. వినడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆరు దశాబ్దాలకు పైగా ఈ దారిలో పరిశోధన జరుగుతోంది. దాన్ని మొత్తంగా తిరగేస్తే ఎక్కడ నిలబడ్డామో చూద్దామన్నదే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈస్టు తన పనిలో ఎక్కడా లోపం చేయడం లేదు. లోపమల్లా మన కొలతల్లో, ఖర్చుల లెక్కలో, చెరువు గురించి మనం పెట్టుకున్న ఆశల్లో ఉంది.

కుంకుడు రసంలో ఉన్న సూత్రమే

నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. ఆ లాగుడే తలతన్యత. మామూలు గది వేడిలో శుద్ధమైన నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. దాన్ని దించితేనే నీరు బట్ట పోగుల్లోకి చొరబడుతుంది, జిడ్డును విడదీస్తుంది. ఆ దించే పని చేసేది సర్ఫాక్టెంట్. దాని అణువులో ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను ఇష్టపడుతుంది.

కుంకుడుకాయలో నురగ తెప్పించే సపోనిన్ అణువుకు ఒక పక్క చక్కెరలు, ఇంకో పక్క జిడ్డు స్వభావం గల పెద్ద ముక్క ఉంటాయి. ఈస్టు చేసే సోఫోరోలిపిడ్‌లోనూ ఇదే కట్టుబడి: రెండు గ్లూకోజులు జతపడిన సోఫోరోజ్ అనే చక్కెర ఒక పక్క, 16 లేదా 18 కార్బన్ల కొవ్వు ఆమ్లం ఇంకో పక్క. బట్టల పౌడర్లలో ఎక్కువగా ఉండే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్‌కు మాత్రం చక్కెర తల ఉండదు. దాని తోక పెట్రోలియం నుంచి వస్తుంది, తలగా సల్ఫోనేట్ ఉంటుంది. అంతకుముందు వాడిన కొమ్మల తోక డిటర్జెంట్లను సూక్ష్మజీవులు తినలేక పాశ్చాత్య దేశాల నదులు నురగతో నిండిపోయాయి. 1960లలో కంపెనీలు తిన్నటి తోక ఉన్న వాటికి మారడానికి కారణం అదే. అంటే ఇప్పటి రసాయన డిటర్జెంట్లు కూడా గాలి బాగా ఆడే శుద్ధి కేంద్రంలో విరిగిపోయేవే. ఈ సంగతి 'సహజం' అని అచ్చేసి అమ్మేవాళ్లు చెప్పరు. సహజమైనదల్లా నిరపాయం అనుకోవడమూ పొరపాటే: సపోనిన్లు చేపలకు విషం, కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో తలంటు పోసుకున్న ప్రతి పిల్లకూ తెలుసు.

తేనెలో దొరికిన ఈస్టు

1961లో కెనడాలోని సస్కటూన్‌లో గోరిన్, స్పెన్సర్, టుల్లోక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ఈస్టు తన కణం బయటికి నూనెలాంటి పదార్థాన్ని వదులుతోందని చూసి, దాని నిర్మాణం వివరించారు. అదే సోఫోరోలిపిడ్. ఆ తర్వాత 1970లో బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగ తేనెలోంచి తీసిన ఇంకో ఈస్టు ఇదే పని మరింత దండిగా చేస్తోందని అదే బృందం రాసింది. దానికి మొదట టోరులాప్సిస్ బాంబికోలా అని పేరు పెట్టారు. తర్వాత క్యాండిడా బాంబికోలా అయింది, ఇప్పుడు స్టార్మెరెల్లా బాంబికోలా అంటున్నారు. పాత పేపర్లు చదివేవాళ్లు మూడు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఒకే ఈస్టు మీద జరిగిన పనిని మూడు వేర్వేరు ఈస్టుల పని అనుకుంటారు.

ఈ ఈస్టుకు చక్కెర ఎంత ఎక్కువైనా ఇబ్బంది లేదు, తేనెలో పుట్టింది మరి. మిగులు చక్కెరనూ కొవ్వునూ కలిపి బయట ఎందుకు దాస్తుంది? ముందుముందు తినడానికి నిల్వ అని ఒక వాదం, పక్కనున్న పోటీ సూక్ష్మజీవులను తరిమే మందు అని ఇంకో వాదం. రెండూ కొంతకొంత నిజం కావచ్చు.

లోపల జరిగే పనిని బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం బృందం జన్యువుల స్థాయిలో విప్పి చూపింది. మొదట సైటోక్రోమ్ పీ450 జాతి ఎంజైము కొవ్వు ఆమ్లం తోక చివరన, లేదా చివరి నుంచి రెండో కార్బన్ మీద, ఒక ఆక్సిజన్‌ను కూర్చోబెడుతుంది. దాని మీద ఒక ఎంజైము మొదటి గ్లూకోజును, ఇంకో ఎంజైము రెండో గ్లూకోజును తగిలిస్తాయి. చక్కెర మీద అసిటైల్ అనే చిన్న గుంపులు బొట్లలా అతుకుతాయి. ఆ తర్వాత సరుకు బయటికి వెళ్తుంది. చాలామందిని ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, తోక వెనక్కి వంగి చక్కెరకు అతుక్కుని చుట్టగా మారే ఆఖరి పని కణం బయట జరుగుతుంది. అలా చుట్టుకున్నది లాక్టోన్ రూపం, చుట్టుకోనిది ఆమ్ల రూపం. లాక్టోన్‌కు సూక్ష్మజీవులను చంపే గుణం ఎక్కువ, నీటిలో కరగడం తక్కువ. ఆమ్ల రూపం బాగా కరుగుతుంది, కాస్త నురగ కూడా ఇస్తుంది. తోక పొడవు, అసిటైల్ బొట్లు, చుట్ట, ఇవన్నీ కలిపి ఒకే కల్చర్‌లో ఇరవైకి పైగా రకాల అణువులు దొరుకుతాయి. సోఫోరోలిపిడ్ అంటే ఒక పదార్థం కాదు, ఒక కుటుంబం. ఈ కుటుంబంలో ఎవరెంతమంది ఉన్నారో చెప్పకుండా గుణాలు చెబితే ఆ వివరణకు విలువ లేదు.

ఆకలి పెట్టి పని చేయించడం

తయారీ పద్ధతి చెప్పడానికి సులువే. ఈస్టుకు గ్లూకోజు, నూనె రెండూ దండిగా ఇవ్వాలి, నైట్రోజన్ మాత్రం కొంచెమే ఇవ్వాలి. మొదటి ఒకటి రెండు రోజులు అది పెరుగుతుంది. నైట్రోజన్ అయిపోగానే కొత్త కణాలు చేయలేక, చేతిలో ఉన్న చక్కెరనూ నూనెనూ సోఫోరోలిపిడ్‌గా మార్చడం మొదలుపెడుతుంది. 1984లో కూపర్, పాడక్ చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠంలా ఉంటుంది: చక్కెర, మొక్కల నూనె రెండూ కలిపి ఇచ్చినప్పుడు లీటరుకు 70 గ్రాముల దాకా వచ్చింది, ఏదో ఒక్కటే ఇస్తే అందులో కొంతే. 1998లో జర్మనీ బృందమొకటి రెండు అంచెల పద్ధతి వాడింది. ముందు జున్ను తేట మీద ఒక ఈస్టును పెంచి, ఆ కణాల సారాన్నీ ఆవనూనె జాతి రేప్‌సీడ్ నూనెనూ బాంబికోలాకు మేపి, లీటరుకు 422 గ్రాములు తీసింది. సూక్ష్మజీవులతో చేసే ఉత్పత్తుల్లో ఇంత గాఢత చాలా అరుదు.

షేకర్ మీద తిరిగే ఫ్లాస్కులో మొదట నూనె బొట్లు పైన తేలుతుంటాయి, ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. నాలుగైదు రోజులకు పైన నూనె పలచబడుతుంది. అప్పుడు షేకర్ ఆపి ఫ్లాస్కును కాసేపు కదపకుండా పెడితే అడుగున తేనె రంగు పొర ఒకటి చిక్కగా పేరుకుంటుంది. కొన్నిసార్లు దాన్లో తెల్లటి పలుకులు కనిపిస్తాయి, అవి లాక్టోన్ రూపం గడ్డకట్టిన స్ఫటికాలు. ఈ పొర దానంతటదే విడిపోవడమే ఈ ఈస్టు ఇచ్చే పెద్ద వరం. పైనున్న ద్రవాన్ని వంచేస్తే సరుకులో చాలా భాగం చేతికొచ్చినట్టే. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన హోలిఫెర్మ్ కంపెనీ ఈ గుణాన్నే పట్టుకుని, ఫెర్మెంటర్ నడుస్తుండగానే బరువుతో విడిపోయే సరుకును లాగేసే పద్ధతి మీద వ్యాపారం కట్టింది.

ఫ్లాస్కులో ఇంత బాగా నడిచింది పెద్ద తొట్టిలో ఎందుకు తడబడుతుంది? ఆక్సిజన్. కొవ్వు ఆమ్లం మీద కూర్చోబెట్టే ఆక్సిజన్ నేరుగా గాలిలోంచి రావాలి, పైగా ఈస్టు ఊపిరికీ కావాలి. నూనె, చిక్కటి సరుకు, కణాలు కలిసి జావలా అయిన ద్రవంలోకి గాలి దించాలంటే మోటారు గట్టిగా తిప్పాలి. తిప్పినకొద్దీ వేడి, ఈస్టు జీవక్రియ వల్ల ఇంకొంత వేడి. ఈ ఈస్టుకు 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. బయట మే నెలలో 42 డిగ్రీలున్న చర్లపల్లి పారిశ్రామికవాడలో తొట్టిని ఆ వేడి దగ్గర నిలబెట్టాలంటే చల్లటి నీళ్ల ఖర్చు కరెంటు బిల్లులో ఒక వరుస కాదు, పేజీ అవుతుంది. యూరప్ పేపర్లలోని ఖర్చుల లెక్కను మనవాళ్లు యథాతథంగా తెచ్చుకునేటప్పుడు ఈ వరుసే జారిపోతుంది.

మన దేశంలో ఏం జరిగింది

దేశంలో పని తక్కువేమీ జరగలేదు. చౌక ముడిసరుకు కోసమే ఎక్కువ వెతికారు. గౌహతి ఐఐటీలో మొలాసిస్‌ను చక్కెరగా వాడి చూశారు. ముంబైలోని రసాయన సాంకేతిక సంస్థలో వేయించగా మిగిలిన నూనెతో సోఫోరోలిపిడ్ తీశారు. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో అడవి ఆముదం, అంటే జట్రోఫా నూనెతో చేసి, దాన్ని బట్టల డిటర్జెంట్‌లో కలిపి మరకలు పోయే తీరు చూశారు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థ ఒక పురుగు నుంచి తీసిన కొత్త ఈస్టు సోఫోరోలిపిడ్ చేస్తుందని 2021లో ప్రకటించింది.

కాప్రాకు దగ్గర్లోనే, తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ ఉంది. 1944లో హైదరాబాద్ సంస్థానం కాలంలో మొదలై, తర్వాత సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చి, ప్రాంతీయ పరిశోధనాలయంగా పెరిగి, 1989లో ఇప్పటి పేరు పొందిన సంస్థ. నూనెలు, కొవ్వుల రసాయన శాస్త్రంలో దానికి దశాబ్దాల అనుభవం ఉంది. దాని పక్కనే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ. సైనిక్‌పురిలోని భవన్స్ వివేకానంద కళాశాలలో మైక్రోబయాలజీ చదివే డిగ్రీ పిల్లలకు ఈ రెండు సంస్థలూ ఒక బస్సు దూరం. చదువుకు, పరికరాలకు ఇంత దగ్గరగా ఉన్న శివారు దేశంలో మరెన్నో ఉండవు.

ముడిసరుకు సంగతికొస్తే, రాసేవాళ్లందరూ ముందు పట్టుకునేది వాడేసిన వంటనూనె. ఈసీఐఎల్ చౌరస్తాలో సాయంత్రం బజ్జీల బండ్లు చూసినవాళ్లకు ఆ ఆలోచన రావడం సహజం. ఆహార భద్రతా సంస్థ 2018 జులై 1 నుంచి నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడొద్దని నిబంధన పెట్టింది, ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్లించే పథకమూ తెచ్చింది. ఇక్కడే తిరకాసు. బయోడీజిల్ వాళ్లు కొంటున్నారు కాబట్టి అది ఇప్పుడు ఉచితం కాదు. పైగా ఒక బండి నూనె పామాయిల్, ఇంకో బండిది పొద్దుతిరుగుడు, మూడోది రెండూ కలిసి నల్లబడినది. నూనె మారితే తోక పొడవు మారుతుంది, తోక మారితే సరుకు మారుతుంది. ప్రతి బ్యాచ్‌కూ వేరే సరుకు వచ్చే ఫ్యాక్టరీ నుంచి ఎవరు కొంటారు? నా ఓటు కానుగ, వేప, ఇప్ప నూనెలకు. తినడానికి పనికిరాని, లేదా పెద్దగా తినని నూనెలు. వాటిలో ఈ ఈస్టుకు ఇష్టమైన ఒలియిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో మంచి పొద్దుతిరుగుడు నూనెను ఈస్టుకు పోయడం ఎలాగూ కుదరదు. కానుగ, వేప నూనెల్లోని చేదు పదార్థాలు ఈస్టును ఎంత ఇబ్బంది పెడతాయో, వాటిని ముందే ఎంత ఖర్చుతో తీసేయాలో గట్టిగా లెక్కగట్టే పని మిగిలి ఉంది. ఐఐసీటీ లాంటి చోట చేయదగిన పని అదే.

చక్కెరకు మొలాసిస్ ఉంది కదా అంటారు. అదీ ఇప్పుడు ఇథనాల్ డిస్టిలరీల వైపు పోతోంది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక తెలంగాణలో ఆ ఆధారమూ కొంత చిక్కిపోయింది.

కొలత: అసలు గొడవ ఇక్కడ

ఇంతవరకూ వచ్చిన పేపర్లు చదివినప్పుడు నన్ను ఎక్కువగా విసిగించేది కొలత. ఒక ఈస్టు సర్ఫాక్టెంట్ చేస్తోందా లేదా అని చూడ్డానికి మొదటి పరీక్ష సరదాగా ఉంటుంది. పెట్రి పళ్లెంలో నీళ్లు పోసి, పైన పలచగా నూనె పొర పరచి, మధ్యలో కల్చర్ ద్రవం పది మైక్రోలీటర్లు వేస్తారు. సర్ఫాక్టెంట్ ఉంటే నూనె ఒక్కసారిగా పక్కలకు తొలగి మధ్యలో తేటైన గుండ్రటి జాగా ఏర్పడుతుంది. దాని వ్యాసం కొలుస్తారు. రెండోది, కిరోసిన్‌లో ఆ ద్రవాన్ని సమంగా కలిపి గిలక్కొట్టి, 24 గంటల తర్వాత రెండూ విడిపోకుండా కలిసిన ఎమల్షన్ పొర ఎంత ఎత్తు నిలిచిందో శాతంలో చెప్పడం. ఇవి ఏరివేతకు పనికొచ్చే పరీక్షలు. వందల ఈస్టుల్లో పదింటిని ఎంచుకోవడానికి సరిపోతాయి. కానీ చాలా థీసిస్‌లు ఇక్కడే ఆగిపోయి 'కొత్త బయోసర్ఫాక్టెంట్ లక్షణీకరణ' అని పేరు పెట్టుకుంటాయి. ఎమల్షన్‌ను ఈస్టు ప్రోటీన్లు కూడా నిలబెడతాయి. ఈస్టు లైపేజు నూనెను విరిచి వదిలిన ఒలియిక్ ఆమ్లం క్షార ద్రవంలో మామూలు సబ్బే అయిపోతుంది. అది కూడా నూనెను తొలగిస్తుంది, తలతన్యత దించుతుంది. అది కాదని నిరూపించే పోలిక పరీక్ష పెట్టని పేపర్‌ను నమ్మడం కష్టం.

తర్వాతి మెట్టు తలతన్యత. ప్లాటినం ఉంగరాన్ని గానీ పలకను గానీ ద్రవంలోంచి లాగి, ఎంత బలం పట్టిందో చూస్తారు. మంచి సోఫోరోలిపిడ్ నీటి తలతన్యతను 72 నుంచి 35 దరిదాపులకు దించుతుంది. గాఢత కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దగ్గర ఈ దిగుడు ఆగిపోతుంది. అక్కడి నుంచి అణువులు గుంపులు కట్టి మిసెల్లు అవుతాయి. ఆ గాఢత ఎంత తక్కువైతే సర్ఫాక్టెంట్ అంత పొదుపు. సోఫోరోలిపిడ్లకు అది రకాన్ని బట్టి లీటరుకు పదుల నుంచి వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. అందుకే కుటుంబంలో ఎవరెంతో చెప్పకుండా ఈ అంకె ఇస్తే అర్థం లేదన్నది.

అణువు ఏమిటో చెప్పేది మాస్ స్పెక్ట్రోమెట్రీ. 18 కార్బన్లు, ఒక జంట బంధం, రెండు అసిటైల్ బొట్లు ఉన్న లాక్టోన్ బరువు 688. దానికి సోడియం తోడైతే పరికరం మీద 711 దగ్గర గీత లేస్తుంది. అదే ఆమ్ల రూపమైతే బరువు 706. అసిటైల్ బొట్లు లేని ఆమ్ల రూపం 622. ఇన్‌ఫ్రారెడ్‌లో 1740 ప్రాంతంలో కనిపించే గీతను చూపి 'ఎస్టర్ ఉంది, కాబట్టి సోఫోరోలిపిడ్' అని రాసేవాళ్లున్నారు. మిగిలిపోయిన వంటనూనెలోనూ ఎస్టర్లే ఉంటాయి, అదే దగ్గర గీత వస్తుంది. చక్కెరలు ఏ కార్బన్ దగ్గర కలిశాయో తేల్చాలంటే ఎన్‌ఎంఆర్ నమ్మదగ్గ దారి.

అన్నిటికంటే పెద్ద లోపం తూకంలో. కల్చర్‌ను ఇథైల్ అసిటేట్‌తో కడిగి, ద్రావకం ఆవిరి చేసి, మిగిలింది తూచి 'లీటరుకు ఇన్ని గ్రాములు' అంటారు. ఇథైల్ అసిటేట్‌లోకి సోఫోరోలిపిడ్‌తోపాటు ఈస్టు తినకుండా వదిలేసిన నూనె కూడా వస్తుంది. హెక్సేన్‌తో బాగా కడిగి ఆ నూనెను తీసేయాలి. ఒక్కసారి కడిగి వదిలేస్తే సరుకు పేరుతో నూనెను తూచినట్టే. లీటరుకు వంద గ్రాముల నూనె పోసిన ఫ్లాస్కులో ఇది చిన్న పొరపాటు కాదు. హెచ్‌పీఎల్‌సీలో ఒక్కొక్క రూపాన్నీ విడగొట్టి కొలిచిన పేపర్లకూ, గాజు గిన్నె తూకంతో సరిపెట్టిన పేపర్లకూ మధ్య అంకెలు పోల్చడం దండగ. సమీక్షలు రాసేవాళ్లు రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడం ఈ రంగంలో అందరికీ అలవాటైపోయింది.

మిగతా ఈస్టులు

సోఫోరోలిపిడ్ పక్కన చెప్పుకోదగ్గది మన్నోసిల్ ఎరిత్రిటాల్ లిపిడ్. మొక్కజొన్నకు కాటుక తెగులు తెచ్చే ఉస్టిలాగో శిలీంధ్రం దీన్ని చేస్తుందని 1950ల నుంచే తెలుసు. 1990లలో జపాన్‌లో కిటమొటో బృందం క్యాండిడా అంటార్కిటికా అని అప్పుడు పిలిచిన ఈస్టుతో దీన్ని దండిగా తీసింది. తలతన్యతను ఇది సోఫోరోలిపిడ్ కంటే ఇంకా కిందికి, 28 దాకా దించుతుంది. చర్మంలో ఉండే సెరమైడ్‌లా తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి దీని జాగా క్రీముల సీసాల్లో. యారోవియా లిపోలిటికా చేసే లిపోసాన్, బ్రెడ్డు ఈస్టు గోడలోని మన్నోప్రోటీన్ ఎమల్షన్లు నిలబెట్టడంలో గట్టివి, తలతన్యత దించడంలో అంతంతమాత్రం. కొత్త ఈస్టుల కోసం కల్లులో, ఇప్పపూవులో, తేనెపట్టులో వెతకడం మంచిదే. దిగుబడిలో మాత్రం తేనె ఈస్టుకు పోటీ వచ్చింది ఇంతవరకూ కనబడలేదు.

బ్యాక్టీరియా చేసే రామ్నోలిపిడ్‌తో పోలిస్తే ఈస్టుకు ఇంకో మేలుంది. రామ్నోలిపిడ్ మొదట బయటపడిన సూడోమోనాస్ ఎరుగినోసా ఆసుపత్రుల్లో పుండ్లలో చేరే క్రిమి. బాంబికోలా ఎవరికీ జబ్బు తేదు.

మార్కెట్టు, మన జిల్లా

జపాన్‌లోని సరయా కంపెనీ 2001 ప్రాంతంలోనే అంట్లు తోమే మెషీన్ల డిటర్జెంట్‌లో సోఫోరోలిపిడ్ వాడింది. బెల్జియం ఎకోవర్, జర్మనీ ఎవోనిక్ తర్వాత వచ్చాయి. యూనిలీవర్ 2019లో చిలీలో రామ్నోలిపిడ్‌తో అంట్ల ద్రవం అమ్మింది. పెట్రోలియం సర్ఫాక్టెంట్ కంటే ఈస్టుది కొన్ని రెట్లు ఖరీదు. అందుకే బకెట్‌లో బట్టలు నానబెట్టే పౌడర్‌లోకి రాలేక, ఖరీదైన సీసాల్లోనే తిరుగుతోంది.

కాప్రా ఉన్న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు ఈస్టు పరిశ్రమ కొత్త కాదు. మేడ్చల్ దగ్గర శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా షాన్‌వ్యాక్-బి, పిచియా పాస్టోరిస్ అనే ఈస్టుతో చేసినదే. దిగుమతి టీకా ధర అందరికీ అందుబాటులో లేని రోజుల్లో కె.ఐ.వరప్రసాద్‌రెడ్డి పెట్టిన ఆ కంపెనీ ఇక్కడి నేల మీద పెద్ద తొట్లలో ఈస్టు నడిపించి చూపింది. కాబట్టి ఫెర్మెంటర్ తిప్పే మనుషులు, వాల్వులు బిగించే మెకానిక్కులు, శుభ్రత పాటించే అలవాటు ఇక్కడున్నాయి. తేడా ఎక్కడంటే, పెద్దవాళ్ల టీకా డోసులో ఉండే సరుకు 20 మైక్రోగ్రాములు. ఒక కుటుంబం నెలకు వాడే సర్ఫాక్టెంట్ వందల గ్రాములు. గ్రాముకు లక్షలు పలికే సరుకు చేసిన నైపుణ్యం, గ్రాముకు పైసలు పలికే సరుకులో దానంతటదే లాభం తేదు. బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీని చూపించి 'ఇక్కడే చేయొచ్చు' అనేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? బట్టల పౌడరుతో కాదు. నా దృష్టిలో పొలంలో. వేపగింజల కషాయం ఆకు మీద నిలవకుండా జారిపోతుందని రైతులు అందులో సబ్బు పొడో, కుంకుడు రసమో, కొన్న స్టిక్కరో కలుపుతారు. అక్కడ రంగు, వాసన ఎవరూ పట్టించుకోరు. శుద్ధి ఖర్చు ఉండదు. వడకట్టిన తేనె రంగు సరుకు అలాగే సరిపోతుంది. లీటరుకు అర గ్రాము వేసినా ఎకరాకు పిచికారీ చేసే 200 లీటర్ల నీళ్లకు 100 గ్రాములు చాలు. లీటరుకు 100 గ్రాములిచ్చే వెయ్యి లీటర్ల తొట్టి ఒక బ్యాచ్‌లో వెయ్యి ఎకరాల పిచికారీకి సరుకు ఇస్తుంది. ఆకు మాడకుండా ఎంత మోతాదు వేయాలో, పంటవారీగా రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో రెండు సీజన్లు చూస్తే తేలిపోతుంది.

చెరువుకు ఏమవుతుంది

మొదట చెప్పిన ఆశ సంగతి. కాప్రా చుట్టూ ఇళ్లన్నీ రేపు ఈస్టు డిటర్జెంట్‌కు మారాయనుకుందాం. నురగ తగ్గవచ్చు, ఎందుకంటే సోఫోరోలిపిడ్ నురగ తక్కువ తెస్తుంది. గుర్రపుడెక్క మాత్రం తగ్గదు. దాన్ని పెంచేది సర్ఫాక్టెంట్ కాదు, మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్. ఇంకో మాట: త్వరగా కుళ్లే పదార్థం అంటే సూక్ష్మజీవులు త్వరగా తినే పదార్థం. తింటున్నప్పుడు అవి నీటిలోని ఆక్సిజన్‌నూ వాడుకుంటాయి. ఊపిరాడక చేపలు తేలే చెరువులో అది భారమే. నీటిలో డిటర్జెంటు కొలిచే మిథిలిన్ బ్లూ పరీక్ష రుణావేశం ఉన్న సర్ఫాక్టెంట్లను మాత్రమే పట్టుకుంటుంది. లాక్టోన్ సోఫోరోలిపిడ్ దానికి కనబడదు. అంటే పరీక్ష కాగితం మీద చెరువు బాగుపడినట్టు కనిపిస్తుంది, నీళ్లు అలాగే ఉంటాయి. చెరువుకు కావాల్సింది మురుగు లోపలికి రాకుండా ఆపడం, వచ్చేదాన్ని ముందే శుద్ధి చేయడం. ఆ పని ఏ ఈస్టూ చేయదు.

ఇక పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. తర్వాతి థీసిస్‌లో 'లీటరుకు ఇన్ని గ్రాములు' అని రాసేటప్పుడు, అందులో మిగిలిపోయిన నూనె ఎంతో, లాక్టోన్ ఎంతో, ఆమ్ల రూపం ఎంతో మూడు వరుసల పట్టిక వేయండి. కరెంటు ఎన్ని యూనిట్లు కాలిందో నాలుగో వరుసలో రాయండి. ఆ నాలుగు అంకెలుంటే మీ పేపర్ చర్లపల్లిలో ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడికి కూడా పనికొస్తుంది.